పదిహేను నిమిషాలు ఆగాకే ఊదించాలి: మా ట్రావెల్స్‌లో వాడుతున్న బ్రీత్ ఎనలైజర్ గురించి

తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గరలో మా తమ్ముడూ నేనూ కలిసి పదకొండేళ్లుగా ఒక ట్రావెల్స్ నడుపుతున్నాం. మాకు తొమ్మిది బండ్లు, పన్నెండు మంది డ్రైవర్లు ఉన్నారు. తిరుమల కొండకు, శ్రీకాళహస్తికి, కాణిపాకానికి, వేలూరు దగ్గరి శ్రీపురానికి, రాత్రిపూట చెన్నై, బెంగళూరు విమానాశ్రయాలకు మా బండ్లు తిరుగుతాయి. డ్యూటీ ఎక్కే ముందు ప్రతి డ్రైవరు చేతా ఊదించి, ఆ తర్వాతే బండి తాళం ఇవ్వాలని నియమం పెట్టుకున్నాక రెండు బ్రీత్ ఎనలైజర్లు (మందు తాగారో లేదో శ్వాసను బట్టి చూపే పరికరాలు) కొన్నాం. మొదటిది పన్నెండు వందల రూపాయలది. దాన్ని రెండు నెలలకే పక్కన పెట్టేశాం. రెండోది తొమ్మిది వేల ఎనిమిది వందలు పెట్టి కొన్నది, ఏడు నెలలుగా రోజూ వాడుతున్నాం. నేను ఇప్పుడు రాస్తున్నది ప్రధానంగా ఈ రెండోదాని గురించే. అయితే మొదటిదాన్ని నమ్మి మేము చేసిన తప్పు చెప్పకుండా, రెండోదాన్ని ఎలా వాడాలో చెప్పడం కుదరదు.

అది పెరటాసి నెల, వెంకన్న భక్తులు మాంసం, మందు ముట్టని నెల. రాత్రి పదకొండు గంటలకు చెన్నై విమానాశ్రయానికి ఒక కుటుంబాన్ని తీసుకువెళ్లాల్సిన ట్రిప్పు ఉంది. పుత్తూరు వైపు నుంచి వచ్చే మా డ్రైవరు, ఆరేళ్లుగా మా దగ్గరే పనిచేస్తున్నవాడు, ఆఫీసు పక్కనున్న టీ అంగడి దగ్గర నిలబడి ఎనర్జీ డ్రింక్ సీసా ఒకటి ఎత్తిన చెయ్యి దించకుండా తాగేసి, మూతి తుడుచుకుంటూ లోపలికి వచ్చి ఊదాడు. ఎర్ర లైటు వెలిగి, తెరమీద 0.038 అని కనిపించింది. 0.03 (అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు) దాటితే చట్టప్రకారం బండి నడపకూడదని మాకు తెలుసు కాబట్టి, నేను ఇంకేమీ ఆలోచించకుండా ప్రయాణికుల ముందే అతని చేతిలోని తాళం తీసుకుని వేరే డ్రైవరుకు ఇచ్చాను. "అక్కా, పెరటాసి నెలక్కా. ముక్కే ముట్టనోణ్ణి మందు ముట్టుకుంటానా?" అని అతను అంటూనే ఉన్నాడు, నేను వినిపించుకోలేదు. బయట బెంచీ మీద కూర్చున్న అతన్ని చూసి మా తమ్ముడికి మనసొప్పక, ఇరవై నిమిషాల తర్వాత పిలిచి మళ్లీ ఊదించాడు. ఈసారి 0.000 వచ్చింది. మందు తాగిన మనిషికి ఇరవై నిమిషాల్లో అంత అంకె సున్నాకు దిగడం అసాధ్యమని ఆ రాత్రి మాకు తెలియదు. ఏదో తేడా జరిగిందని మాత్రం అర్థమైంది.

అతను రెండు రోజులు పనికి రాలేదు. మూడో రోజు నేనే వాళ్ల ఊరికి వెళ్లాను. "నన్ను నమ్మలేదని కాదక్కా, ప్యాసింజర్ల ముందర తాళం పెరుక్కుంటిరే, అదొకటే బాధ" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. క్షమించమని అడిగి, అసలు ఏం జరిగిందో తెలుసుకునేదాకా ఆ పరికరాన్ని ఎవరి నోటికీ పెట్టనని మాట ఇచ్చి వచ్చాను. ఆ తర్వాత చదివినదీ, తెలిసిన ల్యాబ్ టెక్నీషియన్‌ను అడిగి తెలుసుకున్నదీ, మేము స్వయంగా చేసి చూసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ఎనర్జీ డ్రింక్‌లో కంపెనీ వాళ్లు మందు కలుపుతారని మా డ్రైవర్లలో కొందరి అనుమానం. అది నిజం కాదు. అందులో ఉండే కెఫీన్, టారిన్, చక్కెర, బి విటమిన్లు శ్వాస పరీక్షలో అంకెను పెంచేవీ కావు, తగ్గించేవీ కావు. కానీ ఆ పానీయాలకు రుచినీ వాసననీ ఇచ్చే ఎసెన్సులను చాలాసార్లు ఆల్కహాలులోనే కరిగించి తయారుచేస్తారు. ఆ కాస్త ఆల్కహాలు చివరికి సీసాలో కూడా మిగులుతుంది. మన దేశ ఆహార నిబంధనల ప్రకారం ఘనపరిమాణంలో నూటికి 0.5 వంతు దాటితేనే ఒక పానీయాన్ని మద్యంగా లెక్కిస్తారు. దానికంటే తక్కువ ఉన్నదాన్ని మద్యం అనరు, అలాగని అందులో ఆల్కహాలు బొత్తిగా లేదని కూడా అనుకోకూడదు. 2009లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో అక్కడి మార్కెట్‌లో దొరికే 27 ఎనర్జీ డ్రింకులను పరీక్షించి చూస్తే, 24 పానీయాల్లో 100 మిల్లీలీటర్లకు 5 నుంచి 230 మిల్లీగ్రాముల దాకా ఆల్కహాలు కనిపించింది. వాటిని తాగిన నిమిషంలోపే ఊదించినప్పుడు 11 పానీయాలకు పరికరం అంకె చూపించింది. వాటిలో అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకె 0.015, అంటే మన దేశపు పరిమితిలో సగం. పదిహేను నిమిషాలు ఆగి ఊదించినప్పుడు మాత్రం ఒక్కదానికి కూడా అంకె రాలేదు. ఇవి అక్కడి పానీయాలు, అక్కడి పరికరాలు. మన అంగట్లో దొరికే ప్రతి సీసాకూ అవే అంకెలు వర్తిస్తాయని నేను అనడం లేదు. కానీ జరిగే తీరు ఎక్కడైనా ఒకటే.

ఆ తీరు ఏమిటంటే, బ్రీత్ ఎనలైజర్ కొలవాల్సింది ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలిని. రక్తంలో ఆల్కహాలు ఉంటే అది ఊపిరితిత్తుల్లో గాలిలోకి ఆవిరవుతుంది. 2,100 మిల్లీలీటర్ల లోతు శ్వాసలో ఎంత ఆల్కహాలు ఉంటుందో ఒక మిల్లీలీటరు రక్తంలో కూడా దాదాపు అంతే ఉంటుందన్న లెక్క మీద పరికరం అంకె చూపిస్తుంది. కానీ గాలి బయటికి రావాల్సింది నోటి గుండానే. అప్పుడే తాగిన పానీయపు తడి నాలుక మీద, బుగ్గల లోపల, పళ్ల సందుల్లో ఉంటే, అందులోని ఆల్కహాలు కూడా ఆ గాలితో కలిసి వస్తుంది. ఇది రక్తంలోదా, నోట్లోదా అని పరికరానికి తెలియదు. రక్తంలో ఒక్క చుక్క లేకపోయినా, నోట్లోని తడిని 2,100 రెట్లు చేసి రక్తానికి అంటగడుతుంది. లాలాజలం ఊరి, మింగుడుపడి, గాలికి ఆరిపోయి ఆ తడిలోని ఆల్కహాలు పూర్తిగా పోవడానికి పావుగంట చాలు. నమ్మదగిన శ్వాస పరీక్ష విధానాల్లో పదిహేను నిమిషాల పాటు ఏమీ తిననివ్వకుండా, తాగనివ్వకుండా, పొగ తాగనివ్వకుండా కళ్ల ముందు కూర్చోబెట్టాలని ఉండేది ఇందుకే.

మా మొదటి పరికరం 0.038 చూపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. చౌకగా దొరికే వాటిలో సెమీకండక్టర్ సెన్సర్ ఉంటుంది. వేడెక్కించిన లోహపు ఆక్సైడు పొర మీద ఆవిరి తగిలినప్పుడు దాని విద్యుత్ నిరోధం మారడమే అందులో కొలత. ఆ పొర ఆల్కహాలుకే కాక ఎసిటోనుకు, సెంటుకు, వంటగ్యాసుకు, సిగరెట్ పొగకు కూడా ఎంతో కొంత స్పందిస్తుంది. షుగరు అదుపులో లేని వాళ్ల శ్వాసలోనూ, చాలాసేపు ఉపవాసం ఉన్నవాళ్ల శ్వాసలోనూ ఎసిటోను ఉంటుంది. ఏకాదశికి కటిక ఉపవాసం చేసే డ్రైవర్లు ఉన్న ఊళ్లో ఇలాంటి పరికరం పెట్టుకుని మనుషుల నిజాయితీని తేల్చాలనుకోవడం చాలా పెద్ద తప్పు. ఆ తప్పు మేము చేశాం. ఇంకెవరూ చేయకూడదని రాస్తున్నాను.

రెండోసారి కొన్నది ఫ్యూయెల్ సెల్ సెన్సర్ ఉన్నది. ఇందులో ప్లాటినం పూత ఉన్న పలకల మీద ఆల్కహాలు ఆక్సీకరణం చెంది చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది. ఎంత ఆల్కహాలు ఉంటే అంత ప్రవాహం. ఎసిటోనుకు ఇది స్పందించదు. పెట్టెలో పరికరంతో పాటు ఇరవై నోటి గొట్టాలు, ఒక తోలు సంచి, చిన్న పుస్తకం వచ్చాయి. పరికరం అరచేతిలో పట్టేంత ఉంటుంది. బటన్ నొక్కిన పది సెకన్లకు ఊదమని బీప్ వస్తుంది. ఆ తర్వాత ఐదారు సెకన్లు ఆపకుండా ఊదాలి. మధ్యలో ఆపినా, బుగ్గలు ఉబ్బించి పైపైన ఊదినా లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ ఊదమంటుంది. దీని వల్ల నోటి గాలి వెళ్లిపోయి లోపలి గాలి సెన్సర్‌కు చేరుతుంది. అంకెను 100 మిల్లీలీటర్ల రక్తానికి ఇన్ని మిల్లీగ్రాములని నేరుగా చూపిస్తుంది (పాతదాంట్లో 0.038 అంటే ఇందులో 38) కాబట్టి చట్టంలోని పరిమితితో పోల్చుకోవడం తేలిక.

కొన్న మొదటి ఆదివారం మధ్యాహ్నం, బండ్లన్నీ కొండకు వెళ్లి ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు, మా తమ్ముడూ నేనూ దీన్ని పరీక్షించాం. మా ఇద్దరికీ మందు అలవాటు లేదు. టీ అంగట్లో అమ్మే మూడు రకాల ఎనర్జీ డ్రింకులు తెచ్చి, ఒక్కొక్క దానికీ మధ్య గంట విరామం ఇచ్చి, గుక్కెడు పుక్కిలించి మింగి, అర నిమిషంలోపే ఊదాం. ఒకదానికి సున్నానే వచ్చింది. ఇంకోదానికి 4, మూడోదానికి 9 వచ్చాయి. ఐదు నిమిషాల తర్వాత మూడింటికీ సున్నానే. అదే పని పాత పరికరంతో చేస్తే మూడింటికీ అంకె వచ్చింది. అందులో ఒకటి ఎర్ర లైటు దాకా వెళ్లింది. ఆల్కహాలు ఉన్న మౌత్‌వాష్‌తో పుక్కిలించి ఊదినప్పుడు ఈ మంచి పరికరం కూడా పరిమితికి ఎన్నో రెట్లు మించిన అంకె చూపించింది. పది నిమిషాలకు అది ఒకటీ రెండుకు దిగి, పావుగంటకు సున్నా అయింది. మా అమ్మ నడుము నొప్పికి వాడే దశమూలారిష్టం ఒక మూత తాగినా ఇంతే. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి కాబట్టి వాటిలో సహజంగానే ఆల్కహాలు పుడుతుంది. ఈ విషయం మందు పేరెత్తితేనే చెవులు మూసుకునే చాలామంది పెద్దవాళ్లకు తెలియదు. ఆఖరుగా గంపలో అడుగున పడి మెత్తబడి, పులిసిన వాసన మొదలైన బొప్పాయి ముక్క తిని ఊదితే 3 వచ్చింది. కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో 2025లో పనసతొనలు తిన్న డ్రైవర్లకు శ్వాస పరీక్షలో అంకె వచ్చిందన్న వార్త చదివినప్పుడు నవ్వినవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం మా బెంచీ మీద కూర్చున్న మనిషే గుర్తుకొచ్చాడు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. నోటి సంగతి సరే, ఎనర్జీ డ్రింక్ తాగితే రక్తంలోకి ఆల్కహాలు చేరదా అని మా డ్రైవర్లే అడిగారు. ఆ అమెరికా పరిశోధనలో అన్నిటికంటే ఎక్కువ ఉన్న పానీయాన్నే తీసుకుందాం. 100 మిల్లీలీటర్లకు 230 మిల్లీగ్రాములంటే, 250 మిల్లీలీటర్ల సీసా మొత్తంలో అర గ్రాము పైచిలుకు ఆల్కహాలు. 70 కిలోల మగమనిషి ఒంట్లోని నీటిలో అది కలిస్తే, రక్తంలో 100 మిల్లీలీటర్లకు ఒక మిల్లీగ్రాము చిల్లరకు మించదు. కాలేయం గంటకు దాదాపు 15 మిల్లీగ్రాముల మేర తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి అది నిలవడానికి కూడా వీల్లేదు. అందువల్ల ఎన్ని సీసాలు తాగినా ఎనర్జీ డ్రింక్ వల్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు చేరడం జరిగే పని కాదు. అది చేయగలిగింది ఒక్కటే, తాగిన కొన్ని నిమిషాల పాటు నోట్లో ఉండి పరికరాన్ని తప్పుదోవ పట్టించడం.

ఇది తెలిసిన తర్వాతే మేము ఆఫీసులో ఇప్పటి పద్ధతి పెట్టుకున్నాం. డ్రైవరు రాగానే రిజిస్టరులో టైము రాస్తాం. మంచినీళ్లతో నోరు పుక్కిలించి, టీ, సిగరెట్టు, వక్కాకు ఏదీ లేకుండా పదిహేను నిమిషాలు లోపలి గదిలో కూర్చోవాలి. అప్పుడు కొత్త గొట్టం పెట్టి ఊదిస్తాం. సున్నా వస్తే తాళం ఇస్తాం. సున్నా కాకుండా ఏ అంకె వచ్చినా నోరెత్తకుండా ఇంకో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తాం. ఈ రెండో అంకెలోనే అసలు సంగతి బయటపడుతుంది. నోట్లోని ఆల్కహాలు అయితే అంకె ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది. రక్తంలోది అయితే సాధారణంగా పావుగంటకు మూడో నాలుగో తగ్గుతుంది, అంతే. పరికరం కొన్నవాళ్లు ఎవరైనా ఒక్క అంకెతో ఆగిపోకుండా ఈ రెండు అంకెల తేడాను చూడాలని నేను గట్టిగా చెబుతున్నాను. పరికరంతో వచ్చిన పుస్తకంలో పదిహేను నిమిషాల మాట చివరి పేజీలో చిన్న అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో మాత్రమే ఉంది. అది పెట్టె మూత మీద పెద్దక్షరాలతో, తెలుగులో, తమిళంలో ఉండాల్సిన మాట.

ఈ పద్ధతి అమాయకుణ్ణి కాపాడినట్లే, సాకు చెప్పేవాణ్ణి పట్టిస్తుంది కూడా. మాఘమాసంలో ఒకరోజు తెల్లవారుజామున ఐదు గంటలకు కాణిపాకం, అక్కడి నుంచి మొగిలి ఘాటు మీదుగా పలమనేరు దాకా వెళ్లాల్సిన ట్రిప్పు. తలస్నానం చేసి, నామం పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని డ్రైవరు వచ్చాడు. నోట్లో వాసన లేదు, నడకలో తూలు లేదు. పదిహేను నిమిషాల తర్వాత ఊదిస్తే 38 వచ్చింది. "వచ్చేటప్పుడు ఎనర్జీ డ్రింక్ తాగినాక్కా, దాని ఎఫెక్టే" అన్నాడు. పాత సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు కాబట్టి ఆ మాట నమ్మదగ్గట్టే ఉంది. మారు మాట్లాడకుండా ఇంకో పావుగంట కూర్చోబెట్టాం. 35 వచ్చింది. ఆ అంకెను అతనే చూశాడు, తల దించుకుని, "రాత్రి పెండ్లికి పోయినాక్కా, పదకొండప్పుడు ఒక క్వార్టర్ తాగినా. నిద్ర పోయి లేస్తే దిగిపోతాదనుకున్నా" అన్నాడు. అతను అబద్ధం ఆడాడు, కానీ దిగిపోతుందని మాత్రం నిజంగానే నమ్మాడు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో సాధారణంగా నూటికి 42.8 వంతుల ఆల్కహాలు ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాములు. 70 కిలోల మనిషి రక్తంలో అది 120 మిల్లీగ్రాములు దాటుతుంది. గంటకు 15 చొప్పున తగ్గినా, ఆరు గంటల తర్వాత కూడా 30కి పైనే ఉంటుంది. నిద్ర దాన్ని తొందరపెట్టదు, చన్నీళ్ల స్నానం తొందరపెట్టదు, కాఫీ, ఎనర్జీ డ్రింకు కూడా తొందరపెట్టవు. ఆ రోజు అతన్ని ఇంటికి పంపి నేనే ఇంకో డ్రైవరును లేపాను. తొమ్మిది వేల ఎనిమిది వందల రూపాయలూ ఆ ఒక్క ఉదయానికే చెల్లిపోయాయని మా తమ్ముడు అన్నాడు, నేనూ అదే అనుకున్నాను.

పోలీసు తనిఖీ సంగతి కూడా డ్రైవర్లు తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల రూపాయల దాకా జరిమానా లేదా రెండూ, మళ్లీ పట్టుబడితే రెండేళ్ల దాకా జైలు లేదా పదిహేను వేల జరిమానా లేదా రెండూ పడతాయి. ఈ నేరం కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు రిజిస్టర్డ్ డాక్టరు చేత పరీక్ష చేయించాలని, రక్త నమూనా తీసుకోవచ్చని కూడా ఆ చట్టంలోనే ఉంది. మన ఆఫీసులో పెట్టుకున్న పరికరం చూపే అంకెకు కోర్టులో విలువ ఉండదు, అది మన జాగ్రత్త కోసం మాత్రమే. దారిలో ఆపినప్పుడు అప్పుడే ఎనర్జీ డ్రింక్ తాగి ఉంటే, ఊదడానికి మొరాయించకుండా, ఎన్ని నిమిషాల కిందట ఏం తాగారో మర్యాదగా చెప్పి, అంకె వస్తే పదిహేను నిమిషాల తర్వాత కొత్త గొట్టంతో మళ్లీ ఊదించమని అడగమని మా వాళ్లకు చెప్పాం. ఖాళీ సీసాను కిటికీలోంచి విసిరేయకుండా బండిలోనే ఉంచుకోమన్నాం, చూపించడానికి పనికొస్తుంది.

పరికరంలో లోపాలు కూడా ఉన్నాయి. తిరుపతి ఎండకు ఇది తట్టుకోదు. పుస్తకంలో 40 డిగ్రీల లోపు వాడమని ఉంది, మన ఊళ్లో ఏప్రిల్ దాటాక మధ్యాహ్నం బండి డ్యాష్‌బోర్డు మీద పెడితే అంతకంటే ఎక్కువే ఉంటుంది. అలా ఒకసారి మరిచిపోయి పెట్టినందుకు పరికరం గంటసేపు ఊదడానికే సిద్ధం కాలేదు. ఇప్పుడు ఆఫీసు బీరువాలోనే ఉంచుతున్నాం. గొట్టాలు ఒక్కొక్కటి ఎనిమిది రూపాయలు పడుతున్నాయి, ఒకరు ఊదినది ఇంకొకరికి ఇవ్వకూడదు కాబట్టి నెలకు ఖర్చు బాగానే అవుతుంది. పాత అంకెలు పదికి మించి లోపల దాచుకోదు. చేతులకు రాసుకునే శానిటైజరు దగ్గరలో ఉంటే దాని ఆవిరికి కూడా అంకె చూపిస్తుంది. అది అమ్మినవాళ్లు చెప్పలేదు. మేము బల్ల మీది సీసాను తీసేశాక గానీ ఆ ఒకటీ రెండు అంకెలు ఎందుకు వస్తున్నాయో తెలియలేదు. వీటన్నిటికంటే పెద్ద ఇబ్బంది క్యాలిబ్రేషన్. ఆరు నెలలకోసారి తెలిసిన మోతాదు ఆల్కహాలు ఆవిరితో సరిచూసి సెన్సరును దిద్దాలి. అందుకు పరికరాన్ని సర్వీసుకు పంపితే తిరిగి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులు మేము మనిషి ముఖం చూసి తాళాలు ఇచ్చాం. పెట్టె మీద రాసిన ధరను కాదు, గొట్టాలు, క్యాలిబ్రేషన్ కలిపి ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేసుకుని కొనుక్కోవాలి.

ఎనర్జీ డ్రింక్ గురించి ఒక్క మాట మిగిలింది. శ్వాస పరీక్షలో అది నిర్దోషి అని తేలింది కదా అని మా వాళ్లు ఇంకో నాలుగు సీసాలు ఎక్కువ తాగడం నేను చూశాను. మన దేశ ప్రమాణాల ప్రకారం ఈ పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండవచ్చు. రోజుకు 500 మిల్లీలీటర్లు మించకూడదన్న హెచ్చరిక సీసా మీదే ఉంటుంది. అంటే చిన్న సీసాలు రెండే. కెఫీన్ నిద్ర వస్తున్న భావనను వెనక్కి నెడుతుంది కానీ, నిద్ర బాకీని తీర్చదు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య నగరి దాటి వస్తున్నప్పుడు, భాకరాపేట ఘాటు దిగుతున్నప్పుడు కళ్లు తెరిచి ఉండగానే మెదడు నిద్రపోతుంది. దాన్ని పట్టుకునే పరికరం మా బీరువాలో లేదు. మందు తాగిన మనిషి దాని మీద ఎనర్జీ డ్రింక్ తాగితే ఇంకా ప్రమాదం, మత్తు అలాగే ఉంటుంది, తాను బాగానే ఉన్నాననే ధైర్యం మాత్రం పెరుగుతుంది. అమెరికాలో 2010లో కెఫీన్ కలిపిన మద్యాన్ని అక్కడి ఆహార, ఔషధ సంస్థ తప్పుపట్టి నాలుగు కంపెనీలకు హెచ్చరిక ఉత్తరాలు పంపింది ఈ కారణంతోనే. అందుకే ఈ ఏడాది నుంచి రాత్రి ట్రిప్పు చేసి వచ్చిన డ్రైవరుకు ఎనిమిది గంటల లోపు ఇంకో డ్యూటీ వేయడం మానేశాం. రద్దీ రోజుల్లో దానివల్ల కొన్ని ట్రిప్పులు పోతున్నాయి, పోనిస్తున్నాం.

ఐదారు బండ్లు ఉన్న ట్రావెల్స్ వాళ్లు, స్కూలు బస్సులు నడిపేవాళ్లు ఫ్యూయెల్ సెల్ ఉన్నదాన్నే కొనండి. పన్నెండు వందలది ఉచితంగా ఇచ్చినా వద్దు. వీలైతే రెండు కొనండి, ఒకటి క్యాలిబ్రేషన్‌కు వెళ్లినప్పుడు రెండోది ఉంటుంది. మేమూ వచ్చే నెలలో ఇలాంటిదే ఇంకొకటి తీసుకుంటున్నాం. గదిలో ఒక గోడ గడియారం కూడా తగిలించాం. వచ్చిన టైము, ఊదిన టైము, వచ్చిన అంకె రిజిస్టరులో రాసే పనిని ఆ పుత్తూరు డ్రైవరే అడిగి తీసుకున్నాడు. పదిహేను నిమిషాలు కాకముందే ఊదిస్తానని నేను తొందరపడితే, నా చేతిలోంచి పరికరం తీసుకుని బీరువాలో పెట్టేస్తున్నాడు.